సారమేయుడికి షడ్రసోపేతం

మహాభారతంలో అసలు కథ అందుకోకముందే ఒక కుక్కపిల్ల కేసు వస్తుంది. జనమేజయుడు యాగం చేస్తుంటే సారమేయుడు అటుగా వచ్చాడు. రాజుగారి తమ్ముళ్లు పట్టుకుని చావబాదారు. తల్లి సరమ తిన్నగా రాజు దగ్గరికే వెళ్లి నిలదీసింది: మావాడు హవిస్సు నాకలేదు, దానివంక చూడనైనా లేదు, ఎందుకు కొట్టారు? సభలో జవాబు లేదు. శపించి వెళ్లిపోయింది.

ఆ తల్లి ఇవాళ హైదరాబాదులో ఏ గేటెడ్ కమ్యూనిటీకి వచ్చినా ఫిర్యాదు తిరగరాసుకోవాలి: మావాడు అడగలేదు, దానివంక చూడనైనా లేదు, ఎందుకు పెట్టారు?

మా ఎదురు ఫ్లాటులోకి ఈమధ్యే ఒక లాబ్రడార్ పిల్ల వచ్చింది. పేరు బ్రూనో. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. మన బజారులో బేరమంతా నలభై అయిదు రోజుల పిల్లల మీదే నడుస్తుంది. తల్లి దగ్గర ఇంకో పది రోజులుంటే ముద్దు తగ్గిపోతుందని కొనేవాడి భయం, మేత ఖర్చు పెరుగుతుందని అమ్మేవాడి భయం. అలా వచ్చిన బ్రూనోకి ఏం పెట్టాలన్న విషయంలో ఆ ఇంట్లో అందరికీ ఓటుంది, ఒక్క బ్రూనో పొట్టకు తప్ప.

బామ్మగారిది పెరుగన్నం పార్టీ. ‘మా ఊళ్లో కుక్కలు గంజి తాగి పదిహేనేళ్లు బతికాయిరా’ అంటారావిడ. బతికినవాటినే లెక్కేశారు, పోయినవాటి లెక్క ఏ కరణమూ రాయలేదు. అయినా సగం న్యాయం ఆవిడ వైపే ఉంది. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు కాపీలు తోడేలులోకంటే కుక్కలో చాలా ఎక్కువని 2013లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. మన పంచన చేరి, మన మెతుకులు తిని సంపాదించుకున్న ఆస్తి అది. కాబట్టి అన్నం అరుగుతుంది. చిక్కల్లా మాంసకృత్తుల దగ్గరే. ఎదిగే పిల్ల తిండిలో తేమ పోగా నూటికి కనీసం 22.5 పాళ్లు ఉండాలంటారు. బియ్యంలో ఉండేది ఏడు, ఎనిమిది పాళ్లు. ఇక పాలంటారా, తల్లిపాలు మానాక అందులోని చక్కెరను అరిగించే శక్తి కుక్కపిల్లల్లో తగ్గిపోతూ వస్తుంది. ‘పసివెధవ, నోరులేని ప్రాణి’ అని గిన్నెడు పోసేది బామ్మగారు. తెల్లారి హాల్లో ఫినాయిలు పోసేది కోడలు.

ఇంటాయనది ఆదివారం పార్టీ. ‘వీడి పూర్వీకులు తోడేళ్లండీ, వీడికి పెరుగన్నమేమిటి’ అని బిర్యానీ ప్లేటులోంచి బొమికలు ఏరి వేస్తారు. ఏ అడవిలో ఏ తోడేలు జింకను దమ్ చేసి, మీద వేయించిన ఉల్లిపాయలు చల్లుకు తిన్నదో ఆయనే చెప్పాలి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను చిట్లగొడతాయి. ఉడికిన ఎముక సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. సరే, మసాలా లేని మెత్తటి చికెనే పెడదామంటే దానికీ ఒక లెక్కుంది: ఉత్త మాంసంలో భాస్వరం మెండు, కాల్షియం నాస్తి. దాన్నే మేపితే పెరగాల్సిన ఎముక పెళుసుబారుతుంది. ‘కుక్క కడుపులో నెయ్యి ఇమడదు’ అని వెనకటివాళ్లు ఊరికే అనలేదు; కొవ్వు దట్టించిన విందు తర్వాత క్లోమం వాచిన కుక్కలను చూసే పశువైద్యులు ఇప్పుడు అదే మాట బిల్లు మీద రాసిస్తున్నారు.

ఎముక అన్న మాట చెవిన పడగానే పెట్ షాపతను కాల్షియం సీసా తీస్తాడు. ‘రోజుకి రెండు మూతలు పొయ్యండి సార్, నెలలో చెవులు నిలబడతాయి’ అన్నాడట. లాబ్రడార్ చెవులు జన్మలో నిలబడవు, అవి వేలాడ్డానికే పుట్టాయి. ఆ సంగతి అతనికీ తెలుసు. సీసా అమ్ముడుపోవాలని కూడా తెలుసు. పెద్ద జాతి పిల్లకు, అందులోనూ మొదటి ఆరు నెలల్లో, అదనపు కాల్షియం మేలు చేయకపోగా కీడు చేస్తుంది. ఎక్కువైనదాన్ని వద్దనే నేర్పు ఆ వయసు పేగులకు సరిగ్గా అబ్బదు. వచ్చినదాంట్లో చాలా భాగం లోపలికి లాగేసుకుంటాయి. కాళ్లు వంకరపోతాయి, కీళ్లు దెబ్బతింటాయి. సమతుల్యమైన పప్పీ ఆహారంలో కావలసిన కాల్షియం ముందే కలిపి ఉంటుంది. ఒకే షాపులో ఆ సంచీ, ఈ సీసా పక్కపక్కనే పెట్టి రెండూ కొనిపించడాన్ని వ్యాపారం అంటారు.

అమెరికాలో ఉన్న పెద్దబ్బాయి వీడియో కాల్లో పాలిస్తాడు. ధాన్యం ముట్టని విదేశీ సంచీ పంపించాడు. దాని ధరకు ఈ ఇంట్లో నెల బియ్యం వస్తాయి. అలాంటి తిళ్లకూ కుక్కల గుండెజబ్బుకూ సంబంధం ఉందేమోనని అతనున్న దేశపు ఆహార, ఔషధ సంస్థే 2018లో ఆరా మొదలుపెట్టింది. అంటే ధాన్యం కుక్కకు శత్రువని ఎవరూ రుజువు చేయకముందే మనవాళ్లు యుద్ధం ప్రకటించారన్నమాట. ఇక చిన్నమ్మాయి ప్రేమ చాక్లెట్‌గా, అత్తయ్యగారి ప్రేమ పరమాన్నంలో కిస్‌మిస్‌గా నేలమీద రాలుతూ ఉంటుంది. చాక్లెట్ గుండెనూ నరాలనూ, కిస్‌మిస్ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. షుగర్ ఉన్న తాతగారి జేబులో చక్కెర లేని చూయింగ్ గమ్ ఉంటుంది. అందులో జైలిటాల్ ఉంటే కుక్క ఒంట్లో ఇన్సులిన్ ఉప్పొంగి, రక్తంలో చక్కెర పాతాళానికి పడిపోతుంది. తాతగారిని కాపాడేది మనవడి ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంతమంది నిపుణులు చేతులెత్తేశాక డాక్టరుగారి దగ్గరికి వెళ్లారు. ఆయన చెప్పింది విని ఇల్లంతా నీరుగారిపోయింది. మూడు నెలల దాకా రోజుకు నాలుగు పూటలు, ఆరు నెలల దాకా మూడు, ఆ తర్వాత రెండు. పెద్ద జాతి పిల్లల కోసమని రాసి ఉన్న ఆహారం, ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా. కప్పుతో కొలిచి పెట్టాలి. తిండి మార్చాలంటే వారం రోజులు పాతదాంట్లో కొత్తది కలుపుతూ మార్చాలి. చిరుతిండి రోజు మొత్తంలో పదో వంతు దాటకూడదు. వేళ్లతో తడిమితే పక్కటెముకలు తెలియాలి, పైనుంచి చూస్తే నడుం కనిపించాలి. ‘ఇంతేనా?’ అన్నారు ఇంటాయన, ఫీజు వెనక్కి అడిగేలా. మందు లేదు, సీసా లేదు, ఇంజెక్షన్ లేదు; ఉన్నదల్లా ఒక కప్పు. కప్పుతో ప్రేమ చూపించడం మనకు ఎవరు నేర్పారు గనక!

‘వాడు ఆ కళ్లతో చూస్తుంటే పెట్టకుండా ఎలాగండీ?’ అన్నారు బామ్మగారు. ఆ కళ్ల వెనక కథ 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు బయటపెట్టారు. దాదాపు నాలుగో వంతు లాబ్రడార్లలో ఒక జన్యువు ముక్క లోపించి, ఆకలి మీద అదుపు తప్పుతుంది. తిన్నా తినలేదనే అనిపిస్తుంది. ఎన్నికై వచ్చేవాళ్లలో ఈ శాతమెంతో ఇంకా ఎవరూ పరీక్షించలేదు.

ఇంకో లెక్క కూడా డాక్టరుగారే చెప్పారు. అమెరికాలో 48 లాబ్రడార్లను పిల్లలుగా ఉన్నప్పటి నుంచి జతలుగా విడదీసి, జతలో ఒకదానికి రెండోదానికంటే నూటికి పాతిక పాళ్లు తక్కువ పెడుతూ జీవితాంతం గమనించారు. 2002లో ఫలితం అచ్చయింది. తక్కువ తిన్నవి సుమారు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్లనొప్పులూ ఆలస్యంగా వచ్చాయి. ‘అయితే మిగతావి రెండేళ్లు ముందే పోయినా, కడుపునిండా తినే పోయాయిగా’ అన్నారు బామ్మగారు. ఆ మాటతో చర్చ ముగిసింది. మన పెళ్లి భోజనాల నుంచి పండగ పిండివంటల దాకా అన్నిటికీ వర్తించే రాజ్యాంగం ఒక్క వాక్యంలో చెప్పేశారు మరి.

వెళ్లేముందు డాక్టరుగారు వారం వారం బరువు రాసి ఉంచమన్నారు. పిల్ల ఒక్కతే మిషను మీద నిలబడదు కాబట్టి, ఎత్తుకుని ఎక్కాలి. తర్వాత దింపేసి ఒంటరిగా ఎక్కాలి. ఇందులోంచి అది తీసేయాలి. ఇంటాయన మొదటి వారం ఎక్కారు. రెండో వారం ఎక్కారు. తీసేయవలసిన అంకె కుక్కపిల్ల కంటే వేగంగా ఎదుగుతోందని తేలింది. మూడో వారానికి మిషను పాడైపోయిందని ప్రకటించి అటక మీద పెట్టించారు. బ్రూనో ఎదుగుదల పట్టికలో ఇప్పటికీ రెండే గళ్లు నిండి ఉన్నాయి.