43 సెకన్ల బాకీ

వాషింగ్టన్‌లో రోడ్డు గీకేశారు. 2025 మార్చిలో. వైట్‌హౌస్‌కు కూతవేటు దూరం. 16వ వీధి. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పసుపు రంగులో, ఇంగ్లీషులో, ఇంతింత లావు అక్షరాలతో ‘నల్లవాళ్ల ప్రాణాలూ ప్రాణాలే’ అని రాసి ఉండేది. 2020 జూన్‌లో రాయించింది మేయర్ మ్యూరియెల్ బౌజర్. గీకించిందీ ఆవిడే. ఎందుకంటే, గీకకపోతే నగరానికి రోడ్ల నిధులు ఆపేస్తామని అమెరికన్ కాంగ్రెస్‌లో బిల్లు పెట్టారు. మన దగ్గర రోడ్డేసిన వారానికే పైపుల కోసం తవ్వుతారు. వాళ్లు దాదాపు ఐదేళ్లు ఆగారు. అభివృద్ధి చెందిన దేశం కదా!

రోడ్డు మీది రంగు పోయింది. పోతూ పోతూ చాలామంది అసలు రంగు బయటపెట్టింది.

2020 మే 25 గుర్తుందా? మినియాపొలిస్ నగరం. దొంగ ఇరవై డాలర్ల నోటు చలామణీ చేశాడన్న అనుమానంతో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసులు పట్టుకున్నారు. డెరెక్ షావిన్ అనే పోలీసు అతని మెడ మీద మోకాలు పెట్టాడు. తియ్యలేదు. ప్రాణం పోయాక కూడా వెంటనే తియ్యలేదు. ఆ వీడియో లోకమంతా చూసింది.

చూశాక ఏమైంది? దేశం మారిందా? డీపీ మారింది. జూన్ 2న ఇన్‌స్టాగ్రామ్ నిండా నల్ల చతురస్రాలు. పాన్‌కేక్ పిండి డబ్బా మీద నూట ముప్ఫై ఏళ్లుగా నవ్వుతున్న నల్లావిడ బొమ్మ హఠాత్తుగా తప్పని తోచింది. తీసేశారు. మెడ మీద మోకాలికీ డబ్బా మీద బొమ్మకీ ఏమిటి సంబంధం అంటారా? బొమ్మ తీయడం తేలిక. అదీ సంబంధం.

జూన్ 8న అమెరికా పార్లమెంటు భవనంలో ఇంకో రంగస్థలం. డెమొక్రాట్ పెద్దలు ఘనా దేశపు కెంటె కండువాలు మెళ్లో వేసుకొచ్చారు. కండువా వేస్తే సగం పని అయిపోయినట్టేనని మన నాయకులకు చెప్పాలా? నాన్సీ పెలోసీ, చక్ షూమర్, పరివారం మోకాళ్ల మీద కూర్చున్నారు. 8 నిమిషాల 46 సెకన్లు. ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు ఉన్నది అంతసేపని అప్పటి లెక్క. తర్వాత తేలిన అసలు లెక్క 9 నిమిషాల 29 సెకన్లు. అంటే సంతాపంలో కూడా 43 సెకన్లు బాకీ! ఫ్లాయిడ్ పేరు పెట్టిన పోలీసు సంస్కరణల బిల్లు దిగువ సభ దాటింది. సెనేట్‌లో చతికిలబడింది. కండువాలు ఇస్త్రీకి వెళ్లాయి.

ఇక కంపెనీల వంతు. అబ్బో, ఏం దానాలు! ఏం ప్రకటనలు! ఏడాది తర్వాత, 2021 ఆగస్టులో వాషింగ్టన్ పోస్ట్ కూర్చుని లెక్క కట్టింది. అమెరికాలోని 50 అతి పెద్ద కంపెనీలు, వాటి ఫౌండేషన్లు కలిపి జాతి సమానత్వం పేర వాగ్దానం చేసింది 4,950 కోట్ల డాలర్లు. కర్ణుడు సిగ్గుపడాలి. అందులో 4,520 కోట్లు అప్పులు, పెట్టుబడులు! ఇచ్చినవాడికి లాభంతో తిరిగొచ్చే సొమ్ము. సగానికి పైగా ఇళ్ల లోన్లు. తిరిగి అడగని దానం 420 కోట్లు. అందులో పోలీసు, కోర్టు, జైలు వ్యవస్థను బాగుచేయాలని పనిచేసే సంస్థలకు దక్కింది దాదాపు 7 కోట్లు. అందరూ వీధుల్లోకి వచ్చింది దేనికి? పోలీసు మోకాలి గురించి. దాని మీదికి వెళ్లింది ఎంత? వంద డాలర్లకు పద్నాలుగు సెంట్లు.

మీరు ఇంటి లోను తీసుకున్నారా? ప్రతి నెలా అయిదో తారీఖున ఈఎంఐ కడుతున్నారా? ఓసారి లేచి నిలబడి బ్యాంకుకు దణ్ణం పెట్టండి. మీరు దానం పుచ్చుకుంటున్నారు. మీకే తెలియదు, పాపం!

టార్గెట్ అనే పెద్ద దుకాణాల కంపెనీ ఉంది. దాని ప్రధాన కార్యాలయం మినియాపొలిస్‌లోనే. ఫ్లాయిడ్ చచ్చిపోయిన ఊరే. 2025 చివరికల్లా నల్లజాతి వ్యాపారులతో 200 కోట్ల డాలర్ల లావాదేవీలు చేస్తామని 2021లో మాటిచ్చింది. సరిగ్గా ఆ 2025 జనవరిలోనే, ట్రంప్ మళ్లీ గద్దెనెక్కిన వారంలోనే, ఈ తరహా లక్ష్యాలకు స్వస్తి అంది. వాల్‌మార్ట్ ఇంకా ముందుచూపు గలది. అయిదేళ్లలో 10 కోట్ల డాలర్లు అంటూ 2020లో జాతి సమానత్వానికి ఒక కేంద్రం పెట్టింది. గడువు పొడిగించేది లేదని 2024 నవంబరులోనే చెప్పేసింది. మూన్నాళ్ల ముచ్చట అని ఊరికే అనలేదు మనవాళ్లు.

మధ్యలో వాల్‌మార్ట్ చేసిన ఓ ఘనకార్యం మాత్రం మరిచిపోకూడదు. జూన్‌టీన్త్ అనే రోజుంది. టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో బానిసలకు 1865 జూన్ 19న విముక్తి కబురు అందింది. అధ్యక్షుడు లింకన్ విముక్తి ప్రకటన అమల్లోకి వచ్చిన రెండున్నరేళ్లకు! ఆ రోజును 2021లో జాతీయ సెలవు చేశారు. మరుసటి ఏడాదే వాల్‌మార్ట్ ఫ్రీజర్లలో జూన్‌టీన్త్ ఐస్‌క్రీమ్ ప్రత్యక్షం. రెడ్ వెల్వెట్, చీజ్‌కేక్ రుచుల్లో. బానిసత్వం పోయిందా? ఒక స్కూప్ వేసుకోండి! జనం మొహం మీద ఉమ్మినంత పని చేస్తే క్షమాపణ చెప్పి డబ్బాలు వెనక్కి తెప్పించారు. ఐస్‌క్రీమ్ కరిగింది. మనసు కరగలేదు.

కంపెనీలంటే వ్యాపారం. లాభాపేక్ష లేని సంస్థలు బంగారమా? రోడ్డు మీద రాసిన ఆ ‘బ్లాక్ లైవ్స్ మ్యాటర్’ పేరుతోనే నడిచే జాతీయ ఫౌండేషన్‌కు 2020లో దాదాపు 9 కోట్ల డాలర్ల విరాళాలు వచ్చిపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం చిల్లర మొత్తాలే. అయిదు, పది, ముప్ఫై డాలర్లు. ఆ ఏడాది అక్టోబరులోనే దక్షిణ కాలిఫోర్నియాలో దాదాపు 60 లక్షల డాలర్ల భవంతి కొన్నారు. 2022లో ఓ పత్రిక బయటపెట్టేదాకా గుట్టు చప్పుడు లేదు. కళాకారులు కూర్చుని పనిచేసుకోవడానికి అన్నారు. కావచ్చు. ఈలోగా ఊళ్లలో వీధినపడి లాఠీదెబ్బలు తిన్న శాఖలు ‘మాకు పైసా రాలేదు మహాప్రభో’ అని బహిరంగంగానే మొరపెట్టుకున్నాయి. వాతాపి జీర్ణం!

ఇది ఈనాటి జబ్బు కాదు. 1865లో విముక్తి పొందిన బానిసల కోసం ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంక్ పెట్టారు. లింకన్ సంతకం చేశాడు. సర్కారు బ్యాంకే అన్నంత నమ్మకం కలిగించారు. జీవితంలో మొదటిసారి కూలి డబ్బు చేతిలో పడ్డవాళ్లు దాచుకున్నారు. మేనేజర్లు ఆ సొమ్మును అయినవాళ్లకు అప్పులిచ్చారు. మునుగుతున్న ఓడకు కెప్టెన్‌గా 1874లో నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ను కూర్చోబెట్టారు. ఆయన సొంత డబ్బు పదివేల డాలర్లు కూడా అందులో పోశాడు. ఆ ఏడాదే బ్యాంకు మూతపడింది. 61 వేల మంది డిపాజిటర్లు. దాదాపు 30 లక్షల డాలర్లు. అగ్రిగోల్డ్ బాధితులకు ఈ కథ కొత్తగా ఉంటుందా?

ఇంకొకటి వినండి. నవ్వు ఆగిపోతుంది. అలబామాలోని టస్కెగీలో 1932 నుంచి 1972 దాకా సర్కారు వైద్యులు సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్లను వైద్యం చేయకుండా చూస్తూ కూర్చున్నారు. పెన్సిలిన్ వచ్చినా ఇవ్వలేదు. చచ్చాక కోసి చూడాలి కదా. కుటుంబాలు ఒప్పుకోవాలి కదా. అందుకు అంత్యక్రియల ఖర్చు ఇచ్చింది ఎవరో తెలుసా? మిల్‌బ్యాంక్ మెమోరియల్ ఫండ్ అనే దాతృత్వ సంస్థ. బతికుండగా మందుబిళ్ల లేదు. చచ్చాక శవపేటిక ఉచితం. గోవును చంపి చెప్పులు దానం చేయడం అంటే ఇదే. ఆ సంస్థ క్షమాపణ చెప్పింది. ఎప్పుడు? 2022 జూన్‌లో. అప్పటికి క్షమాపణ చెప్పించుకోవడానికి వారసులే మిగిలారు.

పోనీ, నల్లవాళ్లే నల్లవాళ్లకు సాయం చేసుకుంటే? అక్కడా ఓ పెద్దమనిషి తయారు. అట్లాంటాలో ఫియర్‌లెస్ ఫండ్ అని ఉంది. నల్లజాతి మహిళలు పెట్టింది. అమెరికాలో వెంచర్ పెట్టుబడి వంద డాలర్లుంటే నల్లజాతి మహిళలకు ఒక డాలరు కూడా దక్కదు. అందుకని వీళ్లు, తమలాంటి చిన్న వ్యాపారుల కోసం తలా 20 వేల డాలర్ల సాయం ఇవ్వబోయారు. 2023 ఆగస్టులో ఎడ్వర్డ్ బ్లమ్ అనే ఆయన సంస్థ కోర్టుకెక్కింది. నల్లవాళ్లు కానివాళ్ల మీద వివక్ష అట! ఏ చట్టం కింద? 1866 నాటి పౌరహక్కుల చట్టం కింద. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డవాళ్లకు ఒప్పందాలు చేసుకునే హక్కు ఉండాలని తెచ్చిన చట్టం. గొడుగు ఎవరికి పట్టారు? దాంతో ఇప్పుడు ఎవర్ని పొడుస్తున్నారు? 2024లో అప్పీల్ కోర్టు బ్లమ్‌కే వంతపాడింది. పథకం మూతపడింది. ఆ దెబ్బకు ఎన్నో సంస్థలు దరఖాస్తు ఫారాల్లోంచి ‘నల్లజాతి’ అన్న మాటే చెరిపేసుకున్నాయి. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. ఇక్కడ తమది తాము తిననివ్వడం కూడా లేదు.

నిజంగా పెట్టినవాళ్లు లేరా? ఉన్నారు. 1955 డిసెంబరు. అలబామాలోని మాంట్‌గోమరీ. బస్సుల్లో జాతి వివక్షకు నిరసనగా నల్లవాళ్లు సిటీ బస్సెక్కడం మానేశారు. 381 రోజులు. నడిచారు, కార్లు పంచుకున్నారు. పెట్రోలుకు డబ్బు? జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి చికెన్ శాండ్‌విచ్‌లు కట్టింది. కేకులు, పైలు చేసింది. తోటి ఆడవాళ్లను పోగేసింది. సభల్లో, సెలూన్లలో, గుమ్మం గుమ్మం తిరిగి అమ్మారు. సభ జరిగినప్పుడల్లా ఉద్యమం చేతిలో ఆ డబ్బు పోశారు. ఎక్కడిదమ్మా అంటే, ఎక్కడిదీ కాదనేవారు. క్లబ్బు పేరే అది: ‘ఎక్కడిదీ కాని క్లబ్బు’. ఎందుకంటే కొన్నవాళ్ల పేర్లు బయటికొస్తే ఉద్యోగాలు ఊడతాయి. ఉద్యమం తరఫున కోర్టులో సాక్ష్యం చెప్పినందుకు ఆమె ఉద్యోగం ఊడనే ఊడింది. ఇంట్లోనే పొయ్యి వెలిగించింది. లోగో లేదు. ఆడిట్ రిపోర్టు లేదు. భవంతి లేదు. రసీదు పుస్తకం అసలే లేదు. 1990లో పోయిన రోజు పొద్దున్న కూడా, ఓటు హక్కు కోసం చేసిన సెల్మా పాదయాత్ర పాతికేళ్ల పండక్కి వచ్చేవాళ్ల కోసం వండుతూనే ఉంది. చివరికి ఆ వంటే ఆమెను సాగనంపడానికి వచ్చినవాళ్లకు వడ్డించారు.

అమెరికా గోల మనకెందుకంటారా? ఎందుకో చెప్తాను. 1946 తర్వాత ఇండియా నుంచి అమెరికాకు వలస కోటా ఏడాదికి వంద మంది. దేశం మొత్తానికి వంద! ఆ కోటాల గోడ కూలింది 1965లో. కూల్చిన గాలి పౌరహక్కుల ఉద్యమానిది. బస్సెక్కకుండా నడిచినవాళ్లు తలుపు తోశారు. మనవాళ్లు సూట్‌కేసు, ఆవకాయ జాడీ పట్టుకుని లోపలికొచ్చారు.

మా పెద్దమ్మ మనవడు డల్లాస్ దగ్గర ఉంటాడు. 2020 జూన్‌లో వాడూ నల్ల చతురస్రం డీపీ పెట్టాడు. ఆ వారమే ఫోన్ చేసి ఇల్లు చూస్తున్నామన్నాడు. ‘‘స్కూల్ రేటింగ్ బాగుంది మామయ్యా. హైవేకి అటువైపు మాత్రం వద్దంది తను. అక్కడ నల్లోళ్లు ఎక్కువ.’’ డీపీ నలుపు. పక్కిల్లు మాత్రం కాకూడదు.

మొన్న మళ్లీ మాట్లాడితే ఈ కథంతా చెప్పాను. నీ వీసా స్టాంపు వెనకాల ఒక వంటమనిషి శాండ్‌విచ్ ఉందిరా అన్నాను. నల్లజాతి పిల్లల చదువుకు పనిచేసే ఏదైనా చిన్న సంస్థకు ఎంతో కొంత పంపరా అన్నాను. వాడు మంచివాడే. కాసేపు ఆలోచించాడు. అంతసేపూ ఫోన్‌లో చప్పుడు లేదు. నాకు 43 సెకన్లు అనిపించింది.

‘‘పంపుతా మామయ్యా. ట్యాక్స్‌లో చూపించుకోవాలి. రసీదిస్తారా?’’