ఓవెనోపాఖ్యానం – టీకాతాత్పర్య సహితం

అవతారిక: అమెరికాలో ఒక తెలుగిల్లు. పిజ్జా లోపల, పిల్లలు బయట. అప్పుడు ఇల్లాలి నోట వెలువడినది ఈ మూలం:

“ఓవెన్ ఎర్రబడుతోందండీ, అంటుకోవట్లేదు. పై పొయ్యిలు బానే ఉన్నాయి.”

టీక: ‘పై పొయ్యిలు బానే ఉన్నాయి’ – పైనున్న బర్నర్లు టకటకమని నిప్పురవ్వ రాలి వెలుగుతున్నాయి. ఇంటికి గ్యాసు వస్తోందని దీనివల్ల సిద్ధించింది; వ్యర్థపదం కాదు. ‘ఎర్రబడుతోంది’ – అడుగునున్న ఇగ్నైటర్ కాగుతోంది. ఇది రవ్వలు రాల్చదు, కణకణలాడే సిలికాన్ కార్బైడు కడ్డీ. ‘అండీ’ – రిపేరు ఎవరి వంతో ధ్వని.

ఇక్కడ ఆయనగారి శంక: కడ్డీ ఎర్రబడిందంటే బాగున్నట్టేగా? చెడింది గ్యాసు వాల్వే కావాలి.

సమాధానం: కాదు. కడ్డీ, వాల్వు ఒకే వలయంలో వరుసగా ఉంటాయి. కడ్డీలో పారే కరెంటే వాల్వులోని రెండు లోహాల పట్టీని వేడెక్కిస్తుంది. పట్టీ వంగితేనే గ్యాసుకు దారి. నిప్పు సిద్ధం కాకుండా గ్యాసు వదలకూడదన్నదే ఈ ఏర్పాటు. చదునైన కడ్డీ రకానికి మామూలుగా 3.2 నుంచి 3.6 ఆంపియర్లు పారాలి. ఏళ్లు వాడాక కడ్డీ నిరోధం పెరిగి, కరెంటు తగ్గుతుంది. అప్పుడూ కంటికి ఎర్రగానే కనిపిస్తుంది. వాల్వు మాత్రం కదలదు. ఎరుపును నమ్మి కొత్త వాల్వు కొన్నవారికి ఖర్చూ మిగులుతుంది, చల్లటి పిజ్జా కూడా.

ప్రమాణాలు రెండు. కరెంటు కొలిచే క్లాంప్ మీటరు ప్రత్యక్షం, గోడ గడియారం అనుమానం: కడ్డీ ఎర్రబడి ఒకటిన్నర నిమిషమైనా మంట రాకపోతే దాన్నే శంకించాలి.

విశేషం: కరెంటు పోయినప్పుడు పై బర్నర్‌కు అగ్గిపుల్ల చాలు. ఈ రకం ఓవెన్‌కు పెట్టెడు పుల్లలు గీసినా లాభం లేదు, కరెంటు లేనిదే వాల్వు తెరుచుకోదు గనుక.

తాత్పర్యం: కడ్డీ మార్చాలి. ముందు ప్లగ్గు పీకి, గ్యాసు కట్టేయాలి. కొత్తది పెళుసు, బూడిదరంగు భాగాన్ని వేళ్లతో ముట్టుకోకూడదు, చేతి జిడ్డు దానికి పడదు.

పాఠాంతరం: కొన్ని ఇళ్లలో ‘ఎర్రబడుతోందండీ’కి బదులు ‘వాసనొస్తోందండీ’ అని వినిపిస్తుంది. గ్యాసుకు సొంత వాసన లేదు. లీకైతే తెలియాలని మెర్కాప్టాన్ కలుపుతారు. ఈ పాఠానికి టీక రాస్తూ కూర్చోరాదు. ఏ స్విచ్చూ వేయక, ఆర్పక, అందరూ బయటికి నడిచి, దూరం వెళ్లాకే గ్యాసు కంపెనీకి ఫోను చేయాలి.