బండి మంచిదేనండీ, కానీ...

చిన్న ట్రాలీ వ్యాను ఉన్నాయన్ని ఎవర్నైనా పట్టుకుని "బండెలా ఉందండీ?" అని అడిగి చూడండి. "బండి మంచిదేనండీ, కానీ..." అంటాడు. ఆ 'కానీ' వినబడగానే మీరు కుర్చీ వెతుక్కోవాలి. కథ క్లచ్ ప్లేటుతో మొదలై, కమాను కట్టల మీదుగా సాగి, సెల్ఫ్ మోటారు దగ్గర కాసేపు మొరాయించి, చివరికి ఫైనాన్సు కుర్రాడి వంశవృక్షం దాకా వెళ్తుంది. మధ్యలో తాగిన టీల డబ్బులు మీవే.

తణుకులో మాకు షామియానా సప్లయర్స్ ఉంది కాబట్టి ఈ పురాణం నాకూ కంఠతా వచ్చు.

2005 మే నెలలో టాటా వాళ్లు ఏస్‌ని దింపేదాకా మాలాంటి వాళ్లకు రెండే దారులు. మూడు చక్రాల ట్రాలీ ఆటో, కాదంటే లారీ. ఆటోలో సామాను పట్టదు, సందులో లారీ పట్టదు. అలాంటప్పుడు 702 సీసీ, రెండు సిలిండర్లు, 16 గుర్రాల బలంతో ముప్పావు టన్ను మోసే నాలుగు చక్రాల బండి రావడం చిన్న సంగతేమీ కాదు. అప్పట్నుంచి ఏ కంపెనీ బండి సందులోకి తిరిగినా మా వీధివాళ్లు "టాటా ఏసీ వచ్చింది" అనే అంటారు. మేం కొన్నవి ఏ కంపెనీవో మాత్రం చెప్పను. వాళ్లకీ పెళ్లాంపిల్లలుంటారు.

ముందు బరువు సంగతి తేల్చాలి. ఓనర్ల ఏడుపుల్లో సగం అక్కడే పుడతాయి. ప్లాస్టిక్ కుర్చీ రెండున్నర కిలోలనుకోండి, రెండొందల కుర్చీలంటే అర టన్ను. కాగితం మీద మిగిలింది పావు టన్ను. ఇంక ఇనప గొట్టాలు, గుడ్డలు, గుండిగలు, గ్యాసు పొయ్యిలు, జనరేటరు ఎక్కాలి. వాటి మీద మన కుర్రాళ్లు ఎక్కుతారు. సామాను ఎక్కడం చట్టప్రకారమే గాని కుర్రాళ్లు ఎక్కడం కాదు, అయినా ఎక్కుతారు. అంతా కట్టి బండి కదలబోతుంటే పెళ్లికూతురి మేనమామ పరిగెత్తుకొస్తాడు. "బాబ్బాబూ, ఈ ఒక్క బీరువా పడేయండి, దారేగా!" మర్నాడు కమాను కట్ట పుటుక్కుమంటే, "ఈ కంపెనీ ఇనుములో పస లేదండీ" అని తీర్పు. మేనమామ పేరు మాత్రం ఏ ఫిర్యాదులోనూ రాదు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం అధిక బరువుకి ఇరవై వేలు, పైన టన్నుకి రెండు వేల చొప్పున జరిమానా పెట్టింది. కమాను కట్టలను కాపాడ్డానికి పార్లమెంటు చేసిన ఏకైక ప్రయత్నంగా నేను దాన్ని గౌరవిస్తాను.

ఇంకో విచిత్రం, బండి ఆరోగ్యం అడిగేవాణ్ని బట్టి మారుతుంది. వాయిదా డబ్బుల కోసం కుర్రాడు వస్తే, ఇంజన్ మొత్తం విప్పేశారు, షెడ్డులో ముక్కలుముక్కలుగా ఉంది. సరిగ్గా అప్పుడే అది అత్తిలిలో ఎవరి ఓణీల ఫంక్షనుకో గుండిగలు దింపుతుంటుంది. ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, రోజున బ్రేకు ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడితే, ఇంతటి ఆరోగ్యవంతమైన బండి జిల్లాలో ఉండదు. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటేటా ఈ పరీక్ష ఉంటుంది కాబట్టి, వయసు మళ్లేకొద్దీ బండికి రంగులూ మెరుపులూ ఎక్కువవుతాయి. ఇక అమ్మకానికి పెట్టారా, మరి చూసుకోనక్కర్లేదు. సింగిల్ ఓనరు, ఇంజన్‌కి ఇంతవరకు స్పానర్ తగల్లేదు, ఏదో అవసరం వచ్చి అమ్ముతున్నాను గాని లేకపోతే ప్రాణం పోయినా ఇవ్వను. 'కానీ' అన్న మాట ఆ ఒక్క రోజూ నోట్లోంచి రాదు.

మా పాత బండి నిజంగానే ముసలి రోగి. చలికాలంలో పొద్దున్నే సెల్ఫ్ తీసుకునేది కాదు, తోయాలి. రేడియేటరు కారేది. ఓసారి పెనుగొండ దారిలో అర్ధరాత్రి ఆగిపోయింది. అవతల తెల్లవారుజాము ముహూర్తం, పందిరి సామానంతా మా బండిలోనే. మేస్త్రికి ఫోన్ చేస్తే మోపెడ్ మీద ఓ సంచీతో వచ్చాడు. అందులో రెండు స్పానర్లు, కాస్త తీగ, ఓ పాత సైకిల్ ట్యూబు. కారుతున్న గొట్టానికి ట్యూబు ముక్క చుట్టి, తీగతో బిగించి, "ఆయ్, పోనివ్వండి" అన్నాడు. పోయింది. ఆ ట్యూబు ముక్క బండి అమ్మేదాకా అలాగే ఉంది.

కొత్త బండి అలా కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 రకం. పొగ లేదు, పికప్ ఉంది, పొద్దున్నే తోయక్కర్లేదు. దాని జబ్బల్లా ఒక్కటే, డాష్‌బోర్డు మీద వెలిగే దీపం. డీజిలు మసిని పట్టి ఉంచడానికి సైలెన్సరు దారిలో ఓ ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే ఫిల్టరు బాగా వేడెక్కాలి, అందుకు బండి రోడ్డు మీద కాసేపు ఆగకుండా పరిగెత్తాలి. మాదేమో ఈ వీధిలో కుర్చీలు దింపి ఆ వీధిలో గిన్నెలు ఎక్కించే బతుకు. ఎక్కడా వేడెక్కదు. మసి పేరుకుని దీపం వెలుగుతుంది, బండి ముక్కుతూ నడుస్తుంది.

దీపం వెలిగిందంటే మా బావమరిదికి పండగ. "బావా, ఫిల్టరు కాల్చుకొస్తా" అని ఖాళీ బండి వేసుకుని హైవే ఎక్కుతాడు. సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెం దాకా వెళ్లి, అరటి గెలతో తిరిగొస్తాడు. దీపం ఆరుతుంది, డీజిలూ ఆరుతుంది. ఈమధ్య దీపం వెలగడానికీ ఇంట్లో అరటిపళ్లు అయిపోవడానికీ ఏదో సంబంధం ఉందని నా అనుమానం.

ఓసారి హైవే మీద తిప్పినా దీపం ఆరకపోతే మేస్త్రిని పిలిచాను. సంచీ కింద పెట్టి, బానెట్‌లోకి కాసేపు చూసి, "స్కానరు పెట్టాలండి, నా వల్ల కాదు" అన్నాడు. అంతటి మనిషి నోట ఆ మాట వినాల్సొచ్చినందుకు నాకు బండి మీద కంటే కోపం ఇంకెవరి మీదో వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. షోరూము సర్వీసుకి తీసుకెళ్తే ల్యాప్‌టాప్ తగిలించి, సెన్సారు పోయిందనీ, అది రావడానికి నాలుగైదు రోజులు పడుతుందనీ చల్లగా చెప్పారు. పెళ్లి ముహూర్తాలు ఉన్నవే ఆ నాలుగైదు రోజులు.

నిజాయితీగా చెప్పాలంటే కొత్త బండి ఆగేది అరుదు. పాతది ఆగని నెల లేదు. అయినా అర్ధరాత్రి సామాను వేసుకుని కాలవగట్టు మీద వెళ్లాల్సొస్తే నా ఓటు పాతదానికే. ఎన్నిసార్లు ఆగిందన్నది కంపెనీ చూసుకునే లెక్క. ఆగితే ఎంతసేపటికి కదిలిందన్నది పెళ్లివారు చూసుకునే లెక్క. మాకు డబ్బులిచ్చేది రెండోవాళ్లు.

మీలో ఎవరైనా చిన్న వ్యాను కొనబోతుంటే ఓనర్లను అడక్కండి, షోరూముకి అప్పుడే వెళ్లకండి. ముందు మీ ఊరి స్పేర్ పార్టుల కొట్టుకెళ్లి ఆ మోడలుకి క్లచ్ ప్లేటుందా అని అడగండి. "తెప్పించాలండి" అంటే ఇంకో మోడలు చూసుకోండి. "ఉంది" అంటే కొనండి. "ఎన్ని కావాలి?" అని అడిగితే మాత్రం నమస్కారం పెట్టి ఇంటికొచ్చేయండి.