అడిగే తల్లికి దండం

తల్లీ, యూరోపియన్ యూనియన్! 27 దేశాల ఇలవేల్పువి, 24 అధికార భాషల్లో పలికేదానివి. ఇన్ని భాషలొచ్చినా ‘వద్దు’ అన్న మాట మాత్రం నీ చెవికి ఆనదని గిట్టనివాళ్లంటారు. అది చెవుడు కాదమ్మా, ఓర్పు. 1992లో డెన్మార్క్ జనం మాస్ట్రిక్ట్ ఒప్పందం వద్దన్నారు. కోప్పడ్డావా? నాలుగు మినహాయింపులు చేతిలో పెట్టి మరుసటి ఏడు మళ్లీ అడిగించావు. ఐర్లండ్ 2001లో నీస్ ఒప్పందాన్ని కాదంటే 2002లో, 2008లో లిస్బన్ ఒప్పందాన్ని కాదంటే 2009లో మళ్లీ అడిగించావు. బిడ్డ నోరు తెరిచేదాకా గోరుముద్ద పట్టుకుని వాకిలంతా తిరిగే తల్లులు మాకూ ఉన్నారు గాని, నీ అంత ఓపిక వాళ్లకెక్కడిది? పైగా బిడ్డ ‘ఊ’ అన్నాక అదే ముద్ద గురించి రెండోసారి అడగవు.

2005లో ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ఓటర్లు నీ రాజ్యాంగాన్ని తిప్పికొట్టినప్పుడైతే నీ దయకు హద్దే లేకపోయింది. మళ్లీ అడిగితే పాపం వాళ్లు మళ్లీ పోలింగ్ కేంద్రం దాకా నడవాలి కదా! ఆ రాజ్యాంగంలోని సరుకు చాలామటుకు లిస్బన్ ఒప్పందమనే కొత్త సంచిలోకి ఎత్తించావు. ఈసారి ఆ రెండు దేశాల్లోనూ పార్లమెంట్లే సరేనన్నాయి. జనానికి నడక తప్పింది.

ఇక నీ పార్లమెంటు. 720 మంది సభ్యులు, నేరుగా జనం ఓట్లతో గెలిచినవాళ్లు. అంతటి వాళ్లకు చట్టం ముసాయిదా రాసి తెచ్చే చాకిరీ ఎందుకని, ఆ పనిని దాదాపు మొత్తంగా, జనం నేరుగా ఓటేయని కమిషన్‌కు అప్పగించావు. సభ్యులు ‘ఫలానా చట్టం కావాలి’ అని కమిషన్‌కు విన్నవించుకోవచ్చు. మూలవిరాట్టు వేరు, ఉత్సవమూర్తి వేరు అన్న మర్మం నీకు తెలిసినంతగా మా ఆగమ పండితులకైనా తెలుసా? ఉత్సవమూర్తికి కావలసింది ఊరేగింపు. అందుకే ఏడాదికి 12 సార్లు బ్రస్సెల్స్ నుంచి స్ట్రాస్‌బర్గ్‌కు, నాలుగు వందల కిలోమీటర్లకు పైగా, కాగితాల పెట్టెలతో సహా సపరివారంగా తరలిస్తావు. ఈ వేడుక మానేస్తే ఏటా 11.4 కోట్ల యూరోలు మిగులుతాయని 2014లో నీ ఆడిటర్లే లెక్క తేల్చారు. భక్తిలేని లెక్కలు! మా సభ ఎక్కడ జరగాలో మేమే తేల్చుకుంటామని పార్లమెంటు కూడా ఒకటి రెండుసార్లు గొణిగింది. దానికి దేశాలన్నీ ఒప్పుకోవాలన్నావు, ఫ్రాన్స్‌తో సహా. స్ట్రాస్‌బర్గ్ ఉన్నది ఫ్రాన్స్‌లోనే కావడం యాదృచ్ఛికం.

1979 నుంచీ ప్రతి ఎన్నికకూ తగ్గుతూ వచ్చిన ఓటింగ్ 2019లో మొదటిసారి పెరిగి 50 శాతం దాటింది. కమిషన్ అధ్యక్ష పదవికి పార్టీలు ముందే అభ్యర్థులను చూపించాయి. అన్నిటికన్నా పెద్ద కూటమి చూపించింది మాన్‌ఫ్రెడ్ వెబర్‌ను. ఓట్లు పడ్డాక దేశాధినేతలు తలుపులు మూసుకుని చర్చించి ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్‌ను తెచ్చారు. పెళ్లిచూపుల్లో ఒకరిని చూపి పీటల మీద మరొకరిని కూర్చోబెడితే మా వైపు గొడవలవుతాయి. నీ పార్లమెంటులో ఆమెకు కావలసినదానికన్నా తొమ్మిది ఓట్లు ఎక్కువే పడ్డాయి. 2024లో మాత్రం ముందు చూపించిన ఆమెనే తిరిగి కూర్చోబెట్టావు. ఎప్పుడైనా ఒక పొరపాటు జరగడం సహజం.

సంస్కరణల మాటా మరిచిపోలేదు నువ్వు. 2021 మే 9న మహాసభ మొదలుపెట్టి, లాటరీ తీసి 800 మంది మామూలు జనాన్ని పిలిచి, ఏడాది పాటు మాట్లాడించావు. 49 ప్రతిపాదనలు వచ్చాయి. ఒక్క దేశం కాదంటే పని ఆగిపోయే పద్ధతిని చాలా విషయాల్లో ఎత్తేయమన్నది అందులో ఒకటి. 2022 మే 9న ముగింపు సభ జరిగిన రోజే, ఒప్పందాల జోలికి తొందరపడి పోవద్దంటూ 13 దేశాలు కాగితం విడుదల చేశాయి. ఏడాది ఆలోచనకు ఒక్కరోజులో జవాబు! ఆలస్యానికి మారుపేరని నిన్ను ఎవరన్నారు తల్లీ?

కాని నీ లీలల్లో నాకు మరీ ఇష్టమైనది గడియారాలది. ఏటా మార్చిలో గంట ముందుకు, అక్టోబర్‌లో గంట వెనక్కు జరిపే ఆనవాయితీ ఉంచాలా వద్దా అని 2018లో అడిగావు. 46 లక్షల మంది జవాబిచ్చారు, 84 శాతం వద్దన్నారు. అడిగాక జనం చెప్పింది చేయాల్సిందేనని నాటి కమిషన్ అధ్యక్షుడు యుంకర్ అన్నాడు. 2021 కల్లా ఆపేద్దామని 2019 మార్చిలో పార్లమెంటు ఓటేసింది. దేశాల మంత్రుల మండలి ఇంకా ఆలోచిస్తోంది.

అయినా నువ్వు జనం దగ్గర తీసుకోవడమే గాని ఇచ్చేది లేదని నిందిస్తారు, కృతఘ్నులు. మార్చిలో తీసుకున్న గంటను అక్టోబర్ చివరి ఆదివారం తెల్లవారుజామున, ఒక్క నిమిషం కూడా తగ్గించకుండా, ఇంటింటికీ తిరిగి ఇవ్వడం లేదూ?