‘య’ను ‘మ’ చేసింది నేనే

నేను రెండు జీబీల డీడీఆర్3 ర్యామ్‌ని. సింగరాయకొండలో, పాకల వైపు నుంచి ఉప్పుగాలి వీచే ఒక ఇంట్లో, కంప్యూటర్ డబ్బాలో పదేళ్లు బతికాను. పక్క స్లాట్‌లో నాలాంటిదే ఇంకొకటి.

నా ఒంట్లో 1,717 కోట్లకు పైగా గదులు. ఒక్కో గదికి ఒక ట్రాన్సిస్టర్, ఒక బుల్లి కెపాసిటర్. ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ 1968లో పేటెంట్ పొందిన అమరిక ఇది. ఛార్జి ఉంటే ఒకటి, లేకుంటే సున్నా. ఆ ఛార్జి చిల్లికుండలో నీళ్లలాంటిది. సెకనులో పదహారో వంతు గడిచేలోగా మళ్లీ నింపాలి, నింపుతూనే ఉంటారు. నా గదుల్లో ఒకటి మిగతావాటికన్నా తొందరగా కారడం మొదలుపెట్టింది. అది నాకు తెలిసే దారి లేదు. అడిగినప్పుడు గదిలో ఉన్నదే చెబుతాను, మొదట ఏం పెట్టారో నాకు గుర్తుండదు.

రోహిణి కార్తె. వేడికి కారడం ఇంకా ఎక్కువవుతుంది. ఇంట్లో అమ్మాయి వాళ్ల బాబాయి పెళ్లి శుభలేఖ కొట్టింది. తాతయ్య కళ్లద్దాలు సర్దుకుని చదివి, “ఊరి పేరే మార్చేశావేందమ్మా?” అన్నాడు. కాగితం మీద సింగరామకొండ అని ఉంది.

“నేను సింగరాయకొండ అనే కొట్టాను తాతయ్యా!”

ఎవరూ నమ్మలేదు. యూనికోడ్‌లో ‘మ’ సంఖ్య 3118, ‘య’ సంఖ్య 3119. రెంటికీ తేడా చివరి బిట్టు ఒక్కటే. ‘య’కు అక్కడ ఒకటి ఉండాలి, నా గదిలో అది కారిపోయింది. ఆ పిల్ల మాట పడింది నా వల్ల. ఆ బాధ నాకింకా ఉంది.

తర్వాత ఫొటోలు సగం బూడిదరంగుకు తిరిగాయి. నీలం తెర పడి మిషను ఆగిపోయేది. దుకాణం అబ్బాయి విండోస్ రెండుసార్లు మళ్లీ ఎక్కించాడు. ఎక్కించేదీ నాలోంచే కదా!

అమ్మాయి ఊరుకోలేదు. ర్యామ్‌లను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. ఈ పరీక్ష వంశానికి మూలం క్రిస్ బ్రాడీ 1994లో రాసిన ప్రోగ్రామ్. ఈ పరీక్షను విండోస్ లేవకముందే నడపాలి, ఎందుకంటే విండోస్ లేచాక మాలో కొంతచోటు తనే ఆక్రమించి కూర్చుంటుంది. రాత్రంతా గదిగదికీ సున్నాలు రాసి చదివింది, ఒకట్లు రాసి చదివింది, కింది నుంచి పైకి, పై నుంచి కిందికి తిరగేసింది. పదేళ్లలో నన్ను అంత శ్రద్ధగా అడిగినవాళ్లు లేరు.

తెల్లారేసరికి తెర మీద ఒక ఎర్రగీత.

అయినా తీర్పు చెప్పేయలేదు. మమ్మల్నిద్దరినీ తీసి, బంగారుపూత పిన్నులను రబ్బరుతో మెల్లగా రుద్దింది. ఉప్పుగాలికి పట్టిన మురికే కారణం కావచ్చు కదా. ఒక్కొక్కరినే పెట్టి మళ్లీ నడిపింది. పక్కదానికి ఒక్క తప్పూ రాలేదు. నన్ను పెడితే ఎర్రగీత. స్లాట్ మార్చినా అదే చిరునామా, అదే బిట్టు.

తాతయ్య కాఫీ గ్లాసుతో వచ్చి ఆ గీతను చూశాడు. అమ్మాయి ‘య’, ‘మ’ల సంగతంతా చెప్పింది. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. “అయితే నువ్వు సరిగ్గానే కొట్టావమ్మా,” అన్నాడు.

నేను బల్ల మీద, పాత వక్కపొడి డబ్బా మూతలో ఉన్నాను. ప్రింటర్ కదిలింది. ఆయన శుభలేఖ అందుకుని, ఊరి పేరు దగ్గర వేలు పెట్టి, పైకి చదివాడు.