కోయని కోతలరాయుడు

రంపం కొన్నవాడికి తన రంపం ఒక్కటే తెలుస్తుంది. కొననివాడికి బజార్లో ఉన్నవన్నీ తెలుస్తాయి. ఈ రెండో కోవకు చెందిన మహానుభావులు అమెరికాలో మనవాళ్ళున్న ప్రతి కాలనీలోనూ ఒకరో ఇద్దరో తగులుతారు. కొందరు కెమెరాల మీద పడతారు, కొందరు టెలిస్కోపుల మీద, ఈమధ్య కొందరు కాఫీ యంత్రాల మీద. అందరిలోకీ తలమానికం మాత్రం కొయ్యపని పట్టుకున్నవాడే. కెమెరా కొననివాణ్ణి ఎవరూ నిలదియ్యరు, జేబులో ఫోనుంటుంది. కొయ్యపనివాడు అలా కాదు, ఇంట్లోవాళ్ళకి ఎప్పుడూ ఒక అలమరో ఒక బల్లో బాకీ ఉంటాడు.

మా బావ ఆ కోవవాడు. డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో కాపురం. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు, అంటే ఇంకొకళ్ళు రాసినదాంట్లో తప్పులు పట్టి జీతం పుచ్చుకోవడం. అక్కకి ఆయన బాకీ పడింది పాంట్రీలో ఊరగాయ జాడీలకి మూడు అరలు.

ఆ అరలకి కావలసిన పలకని అక్కడ ‘ఒకటి బై పన్నెండు’ అంటారు. పేరుకే పన్నెండు. కొలిస్తే వెడల్పు 11¼ అంగుళాలు, మందం ముప్పావు అంగుళం. ఆరబెట్టి చిత్రిక పట్టేసరికి పలక తగ్గుతుందట, పేరు మాత్రం తగ్గదు. అంత వెడల్పుని అడ్డంగా కొయ్యడానికి మామూలు మైటర్ రంపం చాలదు. తల కిందికీ పైకీ మాత్రమే ఆడే 10 అంగుళాల రంపం ఆరంగుళాల దగ్గర చేతులెత్తేస్తుంది. కాబట్టి తల పట్టాల మీద ముందుకీ వెనక్కీ కూడా జారే రకం, స్లైడింగ్ మైటర్ సా, కావాలి. ఇంతవరకూ తర్కంలో లోపం లేదు. బావ తర్కంలో ఎప్పుడూ లోపముండదు. వచ్చిన చిక్కల్లా అదే.

వాళ్ళది రెండు కార్లు పట్టే గరాజు. కార్లు రెండూ బయట టెక్సస్ ఎండలో మాడుతుంటాయి. లోపల సోనామసూరి బస్తాలు, రెండో ఫ్రిజ్, బొమ్మలకొలువు డబ్బాలు, గోడవారగా బావ పనిబల్ల. ఆ బల్ల మీద నీలం టేపు అతికించి ఒక చతురస్రం గీసి ఉంటుంది.

“అదేమిటి బావా?” అని అడిగాను మొదటిసారి చూసినప్పుడు.

“రంపం” అన్నాడు.

ఆ గీతల మధ్య ఏదీ పెట్టకూడదు. ఓసారి మా మేనకోడలు బడినుంచి వచ్చి సైకిలు హెల్మెట్ అక్కడ పడేసింది. “రంపం మీద వస్తువులు పెట్టకమ్మా, అమరిక పోతుంది” అని మందలించాడు. ఆ పిల్ల నిజంగానే భయపడి తీసేసింది.

చతురస్రం ఒక చోట ఉండదు, బావ అభిప్రాయాన్నిబట్టి జరుగుతుంటుంది. పట్టాలు వెనక్కి పొడుచుకొచ్చే రకం మీద మనసు పడ్డ వారం అది గోడకి దూరంగా వస్తుంది, ఆ రకానికి బల్ల అంచునుంచి గోడదాకా ఇంచుమించు మూడడుగులు కావాలి మరి. బాష్ వాళ్ళ దాంట్లో పట్టాల బదులు కీళ్ళ దగ్గర మడతపడే చెయ్యి ఉంటుంది, దాన్ని గోడకి ఆనించి పెట్టుకోవచ్చు. ఆ వారం చతురస్రం గోడెక్కబోతుంది. మకీటా 10 అంగుళాల దాంట్లో పట్టాలు కదలకుండా ముందుకే ఉండి, తల వాటి మీద జారుతుంది. డివాల్ట్ 12 అంగుళాల దాంట్లో బ్లేడు పైనుంచి దీపం వెలిగి, బ్లేడు నీడ పలక మీద పడుతుంది, ఆ నీడ మేరకే కోత. ఇక జర్మనీ వాళ్ళ ఫెస్టూల్ కేపెక్స్ సంగతి. ధర 1,500 డాలర్లు దాటుతుంది. దాని పేరెత్తేటప్పుడు బావ గొంతు తగ్గించి, అక్క ఎక్కడుందో చూసుకుంటాడు.

శనివారాలు హార్డ్‌వేర్ దుకాణంలో గడుస్తాయి. అక్కడ రంపాల్ని గొలుసులతో బల్లలకి కట్టేసి ఉంచుతారు. ఒక్కోదాని దగ్గరా ఆగి, పిడి పట్టుకుని తలని చివరిదాకా లాగి, అక్కడ ఆపి, పక్కలకి ఊపి చూస్తాడు. రైతుబజార్లో బెండకాయ కొస విరిచి చూసే ఇల్లాలిలో ఉండే నిర్దయ అంతా ఆ మొహంలో కనిపిస్తుంది. తల ఏమాత్రం ఊగినా “ఇది పలకని కొయ్యదవోయ్, పలక మీద అభిప్రాయం చెబుతుంది” అని ముందుకి కదులుతాడు. కొనడానికి వచ్చినవాళ్ళు ఆయన్ని దుకాణం మనిషనుకుని అనుమానాలు అడుగుతారు. ఆయన కాదని చెప్పడు.

బావ అసలు స్వరూపం చూడాలంటే మాత్రం ఏదైనా ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరగాలి. భోజనాల వేళ ఎవడో కొత్తవాడు, ఇల్లు కొని ఏడాది తిరగనివాడు, ప్లేటు పట్టుకుని పక్కన కూచుంటాడు. “అన్నగారూ, మీకు కొయ్యపని వచ్చటగా?” అంటాడు పాపం.

“చూడవోయ్” అని బావ అప్పడం ఎత్తుతాడు. ఆ క్షణంనుంచీ అప్పడం బ్లేడు, బొబ్బట్టు పలక, ప్లేటు అంచు ఫెన్సు, అంటే పలకని ఆనించే అడ్డు. “జనం చేసే తప్పేమిటంటే లాగుతూ కోస్తారు. లాగకూడదు. ముందు తలని పూర్తిగా నీవైపు లాక్కో. అప్పుడు స్విచ్చి నొక్కు. వేగం అందుకున్నాక కిందికి దించు. దించి అవతలికి తొయ్యి. అప్పుడు కింది పళ్ళు పలకని ఫెన్సుకేసి అదిమిపెడతాయి. లాగుతూ కోశావో, బ్లేడు పలకెక్కి పాక్కుంటూ నీ మీదకే వస్తుంది.” అప్పడం బొబ్బట్టు మీదనుంచి కొత్తవాడి చొక్కాకేసి పాక్కుంటూ వస్తుంది. నెయ్యి వడ్డించబోయిన పెద్దావిడ గిన్నెతో రెండడుగులు వెనక్కి వేస్తుంది.

“మరి మా ఆఫీసులో ముసలాయన దగ్గర పాతకాలం రేడియల్ ఆర్మ్ సా ఉంది, అది లాగుతూనే కోస్తారుగా?” అని ఎవరైనా అంటే ఇక ఆ పూటకి పెరుగన్నం లేనట్టే. బావ 1920ల్లోకి వెళ్ళిపోతాడు. ఆ రంపాన్ని కనిపెట్టిన రేమండ్ డివాల్ట్ పేరే ఇవాళ పసుపురంగు పనిముట్ల మీద ఉన్నదని చెబుతాడు. అది ఆకలి మీదున్న పులిలా ఎందుకు ముందుకి దూకుతుందో, దాన్ని చేత్తో ఎలా వెనక్కి నిలవేసుకుంటూ కొయ్యాలో అప్పడంతోనే చూపిస్తాడు. అప్పటికి అప్పడం మెత్తబడి, బ్లేడు వంగిపోతుంది. “12 అంగుళాల బ్లేడుతో వచ్చే గొడవ ఇదే!” అని దాన్నీ పాఠంలో కలిపేస్తాడు.

ఆఖరి అధ్యాయం 31.6. రంపం మీద డిగ్రీల స్కేలులో 0, 15, 22.5, 45 దగ్గర గాళ్ళుంటాయి, తల అక్కడ ‘టక్’మని ఆగుతుంది. వీటికి తోడు 31.6 దగ్గర కూడా ఒక గాడి ఉంటుంది. గోడా సీలింగూ కలిసేచోట వేసే క్రౌన్ మోల్డింగు గోడమీద వాలుగా కూచుంటుంది. మామూలుగా దొరికే 38 డిగ్రీల రకాన్ని బల్లమీద పడుకోబెట్టి కోస్తే, మూల సరిగ్గా అతకడానికి తలని పక్కకి 31.6 డిగ్రీలు తిప్పి, 33.9 డిగ్రీలు వాల్చాలి. దశాంశాలతో సహా ఆయన గుక్కతిప్పుకోకుండా చెబుతుంటే, వ్రతం చేయించిన పంతులుగారు కూడా ఓసారి తాంబూలం నములుతూ ఆగి విన్నారు. బావ ఇంట్లో ఎక్కడా క్రౌన్ మోల్డింగు లేదు.

నవ్వులాటకి అంటున్నాను కానీ, ఆయన సలహా తీసుకుని చెడినవాణ్ణి నేను చూడలేదు. చిత్రమేమిటంటే, ఇతరుల విషయంలో ఆయన పది నిమిషాల్లో తేలుస్తాడు. ఏం చెయ్యదలుచుకున్నావు, బల్లకీ గోడకీ మధ్య ఎంత చోటుంది, గరాజులో కరెంటెంత? మూడే ప్రశ్నలు. ఇంటిపనికి 10 అంగుళాలు చాలు, పన్నెండంగుళాల పలకదాకా కోస్తుంది, బ్లేళ్ళు చవక, పెద్ద బ్లేడులాగా అదరదు అంటాడు. 15 ఆంపియర్లు తాగే యంత్రం, రెండో ఫ్రిజ్ ఉన్న లైను మీదే పెట్టావంటే బ్రేకరు పడిపోయి దోసెల పిండి పులిసిపోతుంది అంటాడు. రంపంతో వచ్చే బ్లేడు తీసి 60 పళ్ళదో 80 పళ్ళదో వెయ్యమంటాడు. పొట్టు సంచీని నమ్మొద్దనీ, వాక్యూమ్ తగిలించినా కొంత పొట్టు బయటికే ఎగురుతుందనీ, వెనకాల గూడులాంటిది కట్టుకోమనీ చెబుతాడు. ఆ కాలనీలో ఈ మాటల పుణ్యాన లేచిన పుస్తకాల అరలూ, తులసికోట పీటలూ, ఒక ఉయ్యాలబల్లా నేను కళ్ళారా చూశాను. ఊళ్ళో రంపాలన్నీ ఆయన పెట్టించినవే. బల్లమీద నీలం టేపున్నది మాత్రం ఆయన ఒక్కడికే.

అక్క ఇదంతా ఎన్నేళ్ళుగానో వింటోంది. చెవులున్న మనిషి ఎంతకాలమని నేర్చుకోకుండా ఉండగలదు? ఓ వేసవిలో ఆవకాయ జాడీలు డైనింగు టేబులెక్కి, భోజనానికి చోటులేకుండా అయ్యేసరికి ఒక ఉదయం పలకలు తెప్పించుకుని ఎదురింటివాళ్ళ గరాజులోకి నడిచింది. వాళ్ళ రంపం కూడా బావ పెట్టించిందే. కళ్ళద్దాలూ చెవిబిరడాలూ అడిగి పెట్టుకుంది. ముందు ఒక పనికిరాని ముక్క కోసి, రెండు భాగాల్లో ఒకదాన్ని తిరగేసి, కోసిన కొసలు రెండూ ఫెన్సు వెంట కలిపి చూసింది. రంపం ఎంత వంకరగా ఉంటే సందు దానికి రెట్టింపు కనిపిస్తుంది, ఆ పరీక్ష అలా పనిచేస్తుంది. సందు లేదు. తలని తనవైపు లాక్కుంది, దించింది, తోసింది. మూడు పలకలూ అయిపోయాయి. బ్లేడు ఆగేదాకా తల పైకెత్తలేదని ఎదురింటాయన తర్వాత నాతో భక్తిగా చెప్పాడు.

సాయంత్రం బావ మూలమట్టం తెచ్చి మూడు పలకల కొసలూ చూశాడు. పన్నెండంగుళాల పలక మీద పావు డిగ్రీ తప్పితే మిల్లీమీటరు పైచిలుకు తేడా వస్తుందిట, కంటికి ఆనుతుంది. ఏమీ ఆనలేదు. దీపం పెట్టి మళ్ళీ చూశాడు.

“బానే వచ్చిందా అండీ?” అంది అక్క.

“వచ్చింది. కాకపోతే శాంపిల్ సైజు చిన్నది” అన్నాడు.

ఇక లాభం లేదని ఆయన మాటమీద రంపాలు కొన్నవాళ్ళందరూ ఆయన యాభయ్యో పుట్టినరోజుకి చందాలేసుకున్నారు. ఏ రంపం కొనాలన్నది మాత్రం ఎవరికీ తేలలేదు, ఆయన ఎక్సెల్ షీటు ఎవరికీ అర్థం కాదు. అప్పుడు ఎదురింటాయన ఒక ఎత్తు వేశాడు. హ్యూస్టన్‌లో మా కజినొకడు అడుగుతున్నాడని ఫోను చేసి, బావ గరాజు కొలతలే ఆ కజిను గరాజు కొలతలుగా అప్పజెప్పాడు. ఏం చేస్తాడట? పాంట్రీలో అరలు. గోడకి చోటెంత? ఇంత. ఏ లైను? రెండో ఫ్రిజ్ ఉన్న లైను. “ఫ్రిజ్‌ని ముందు వేరే లైనుకి మార్చమను. 10 అంగుళాల మకీటా, పట్టాలు ముందుకుండేది. ఇందులో ఆలోచించడానికేముంది?” అన్నాడు బావ, వెనకాల కుక్కర్ మూడో కూత పూర్తికాకముందే.

అదే వచ్చింది. కేకు కోశాక అందరం గరాజులోకి వెళ్ళాం. పెట్టె విప్పి, నలుగురం పట్టి బల్లమీద పెడితే నీలం గీతల మధ్య కుదురుగా కూచుంది. బావ ఎవరితోనూ మాట్లాడలేదు. తలని చివరిదాకా లాగి ఊపాడు. ఊగలేదు. గాళ్ళన్నీ ఒక్కొక్కటే టకటకలాడించాడు. 31.6 దగ్గర కాసేపు ఆగాడు. ముక్క కోసి తిరగేసి ఫెన్సుకి ఆనించి, వెనక సెల్‌ఫోను దీపం పట్టించాడు. వెలుతురు గీతంత కూడా రాలేదు. ఒరగబెట్టి కోసి చూశాడు, అదీ సరే. పాతికేళ్ళు తప్పులు పట్టి బతికిన మనిషి మొహం అంతగా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

“ఇది ఎవరు ఎంచారు?” అన్నాడు చివరికి.

“నువ్వే బావా. హ్యూస్టన్ కజిను గుర్తులేడూ? వాడివి మీ గరాజు కొలతలే.”

బావ మొహంలోకి మెల్లగా రక్తం తిరిగొచ్చింది.

“అదీ సంగతి! నేను హ్యూస్టన్‌కని చెప్పానోయ్. అక్కడ గాలిలో తేమ ఎక్కువ, దాన్నిబట్టి చెప్పాను. డాలస్ లెక్క వేరు” అన్నాడు. టేపు చుట్ట చేతిలోకి తీసుకుని, “బిల్లు జాగ్రత్తగా ఉంచారా? వాపసుకి ఎన్నాళ్ళు గడువిచ్చారు?” అని అడిగాడు.