బోర్డు మనకు, కుక్క వాళ్లకు

పిట్‌బుల్‌ను ఇంటికి తెచ్చుకునే ముందు మనిషి చాలా తయారు కావాలని పశువుల డాక్టర్లు చెబుతుంటారు. వాళ్లకేం తెలుసు! జనగామ, మానుకోట, భూపాలపల్లి కాలనీల్లో ఆ తయారీ పొద్దున మొదలై మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. పెయింటర్‌ను పిలిచి గేటు మీద ‘కుక్క ఉన్నది, జాగ్రత్త’ అని రాయిస్తారు. అంతే.

ఆ రాతను ఒకసారి నిదానంగా చదవండి. యజమానికి చెప్పిన మాట అందులో ఒక్కటీ ఉండదు. జాగ్రత్త పడాల్సింది పాలాయన. పేపర్ వేసే పిల్లగాడు. భుజాన సిలిండర్ మోసుకొచ్చే గ్యాస్ తమ్ముడు. బాల్ లోపల పడితే గోడెక్కే బుడ్డోడు. ఇంకా చదవడం రాని మూడేళ్ల పాప కూడా జాగ్రత్త పడాలి. కుక్కను కొన్నది ఒక్క ఇంటాయన, బాధ్యత మాత్రం వార్డులో అందరికీ సమానంగా పంచాడు. జనగామ ప్రాంతంలో అంత పెద్ద పోరాటం జరిగితే భూమి కూడా ఇంత సమానంగా పంపకం కాలేదు.

యజమాని ఏమీ చేయడని నేను అనను. ముందు పేరు పెడతాడు. మన చిన్నప్పుడు వాకిట్లో పడుకునే కుక్కకు టైగర్ అనో, రాజు అనో పేరుండేది. అది పిలిస్తే వచ్చేది, కసిరితే పోయేది. ఇప్పటి పేర్లు టైసన్, రాకీ భాయ్. పేరుకు తగ్గట్టు మేకులున్న మెడపట్టీ, ట్రాక్టర్‌ను లాగేంత గొలుసు. ఆ తర్వాత పుట్టినరోజు. ఫ్లెక్సీ మీద మధ్యలో కుక్క, పక్కన నల్లద్దాలతో యజమాని, పైన వరుసగా వార్డు నాయకులు. చాక్లెట్ కేకు కోస్తారు. చాక్లెట్ కుక్కకు విషమని ఎవరో చెప్పే ఉంటారు కాబట్టి దోస్తులే తినేస్తారు. ఆ ఫ్లెక్సీ మీద పుట్టిన తేదీ ఉంటుంది, ఫోన్ నంబర్ ఉంటుంది. రేబిస్ టీకా ఎప్పుడు వేయించారని అడిగిచూడండి, ‘మా తమ్మునికి ఎరుక’ అంటాడు. తమ్ముణ్ని అడిగితే ‘అన్నకు ఎరుక’ అంటాడు.

కొందరు ఇంకో అడుగు ముందుకేసి దాని చెవులు కోయిస్తారు. లుక్కు కోసమట. జంతువును అంగహీనం చేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమే. మొదటిసారి దొరికితే జరిమానా ఎంతో తెలుసా? 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. చట్టం పుట్టినప్పుడు అది పెద్ద మొత్తమే కావచ్చు. ఇప్పుడు జనగామ బస్టాండులో ఇద్దరు మనుషులు చాయ్ తాగి, ఒక బజ్జీల ప్లేటు పంచుకుంటే అంతకంటే ఎక్కువవుతుంది.

‘ఎందుకు తమ్మీ ఈ కుక్క?’ అంటే అందరిదీ ఒకటే జవాబు. ‘ఇంటి కాపలాకన్నా.’ తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్న సామెత వీళ్లను చూసే పుట్టి ఉండాలి. పిట్‌బుల్ చరిత్రలో కాపలా లేదు. ఇంగ్లండులో కట్టేసిన ఎద్దుల మీదికి కుక్కలను ఉసిగొల్పి చూసే వేడుక ఉండేది. 1835లో దాన్ని చట్టం ఆపేసింది. వినోదం పోయిందని దిగులుపడ్డవాళ్లు బుల్‌డాగ్‌కూ టెర్రియర్‌కూ జత కలిపి, చాటుమాటుగా కుక్కల పందేలు ఆడించారు. ఆ సంతతి వలసలతో అమెరికా చేరింది. అక్కడి యునైటెడ్ కెన్నెల్ క్లబ్ 1898లో దానికి జాతి గుర్తింపు ఇచ్చింది. అదే క్లబ్ తన జాతి లక్షణాల పత్రంలో ఏం రాసిందో వినండి. ఇది కొత్తవాళ్లతో కూడా బాగా కలిసిపోతుంది కాబట్టి కాపలాకు అంత తగినది కాదట. సాటి కుక్కల మీద మాత్రం ఎంతో కొంత కోపం చూపిస్తుందట. గోడలెక్కడంలో దీన్ని మించిన కుక్క అరుదు కాబట్టి కంచె గట్టిగా ఉండాలట.

అంటే కన్నమేయడానికి వచ్చినవాడికి తోక ఊపి, గోడ దూకి వెళ్లి పక్కింటి కుక్కను పట్టుకునే ప్రాణిని మనవాడు అప్పు చేసి కొన్నాడు. నాలుగడుగుల కాంపౌండు గోడ కట్టి, దాని మీద గాజుపెంకులు నాటాడు. అవి దొంగ లోపలికి రాకుండా. కుక్క బయటికి పోకుండా ఏముంది? బోర్డుంది కదా.

ఇంతకూ ఈ కాలపు దొంగకు గోడ దూకే ఓపిక ఎక్కడుంది? ఫోన్ చేస్తాడు. ‘సీబీఐ నుంచి మాట్లాడుతున్నా, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం’ అంటాడు. రైతు భరోసా పైసలతో సహా ఖాతా ఊడ్చుకుని పోతాడు. అంతసేపూ టైసన్ సోఫా పక్కన గురక పెడుతూనే ఉంటాడు.

నిజంగా కాపలా కాసే కుక్కను చూడాలంటే జనగామ నుంచి ఏ దిక్కుకు పోయినా చాలు. కురుమలు చేలల్లో గొర్ల మంద పెట్టిన చోట, గొంగడి అంచున ముడుచుకుని పడుకుని ఉంటుంది. దానికి ఫ్లెక్సీ లేదు, కేకు లేదు. కర్నూలు జిల్లా పందికోన కుక్కలకైతే ఊరి పేరే జాతి పేరయింది. ఆ ఊళ్లో అవి మనుషుల మధ్యే పెరిగాయి. ఎండకు ఓర్చుకున్నాయి, పెట్టింది తిన్నాయి. కానీ పందికోన కుక్కను పక్కన నిలబెట్టుకుని రీలు చేస్తే ఎవరు చూస్తారు? చూసేవాళ్లకు భయం పుట్టాలి, పెంచేవాడికి పేరు రావాలి. అంతదాకా చెబితే నిజాయితీగా ఉంటుంది. కాపలా ముసుగెందుకు?

అసలు కథ హైదరాబాద్‌లో మొదలవుతుంది. కొడుకు కూకట్‌పల్లి ఫ్లాట్‌లో రెండు నెలల పిల్లను తెస్తాడు. అరచేతిలో పట్టేంత ముద్దుగా ఉంటుంది. ఏడాది తిరిగేసరికి లిఫ్ట్‌లో ఎవరూ దానితో కలిసి ఎక్కరు. అసోసియేషన్ వాళ్లు నోటీసిస్తారు. అప్పుడు మనవాడికి కన్నతల్లి గుర్తుకొస్తుంది. ఒక ఆదివారం కారు వెనక సీట్లో దాన్ని పడుకోబెట్టి, రెండు గంటల్లో జనగామలో దిగుతాడు. ‘అమ్మా, కొన్ని రోజులు నీ దగ్గర ఉండనీ. నీకూ తోడుంటది.’ అవ్వకు మోకాళ్ల నొప్పి, బాపుకు షుగర్. ఇద్దరూ కలిసి లాగినా 25 కిలోల కండను ఆపలేరు. కొడుకు రోజూ రాత్రి వీడియో కాల్ చేస్తాడు. ‘అమ్మా, ఫోన్ కొంచెం కిందికి దించు, వాడు కనబడుతలేడు’ అంటాడు. అవ్వ మొఖం తెర మీంచి తప్పుకుంటుంది.

ఇక్కడ నవ్వు ఆపాలి. 2022 జూలైలో లక్నోలో 82 ఏళ్ల రిటైర్డ్ టీచరమ్మ ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు పిట్‌బుల్ దాడిచేసి చంపేసింది. అది వీధిలోంచి వచ్చిన కుక్క కాదు. ఆమె కొడుకు పెంచుకుంటున్నదే, ఆ ఇంట్లో తిరిగేదే.

ఈ మాట చెబితే పిట్‌బుల్ అభిమాన సంఘం వెంటనే లేస్తుంది. ‘మాది ఏం జెయ్యదన్నా. పెరుగన్నం తింటది. పిల్లలు మీదెక్కి ఆడుకుంటరు.’ మీది ఏమీ చేయదు, సరే. పళ్లు మాత్రం పెరుగన్నంతో మెత్తబడవు కదా. మీదేం జెయ్యదని నిన్నటిదాకా ఎలా తెలిసింది? నిన్నటిదాకా ఏం జెయ్యలేదు కాబట్టి. ఈ తర్కంతోనే మేడిగడ్డ బరాజ్ కూడా 2023 అక్టోబర్ 20 దాకా బ్రహ్మాండంగా ఉండింది. 21న కుంగింది.

కుక్క ఏమీ చేయకపోయినా మనుషులకు ఏదో ఒకటి అవుతుంది, అది వేరే సంగతి. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఆర్డర్ ఇవ్వడానికి వెళ్లిన డెలివరీ యువకుడు, ఇంటి కుక్క మీదికి రావడంతో మూడో అంతస్తు నుంచి పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. అది పిట్‌బుల్ కూడా కాదు, జర్మన్ షెపర్డ్. 2024 నవంబర్‌లో కుటుంబ సర్వే ఫారాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన టీచర్లను కదిలించి చూడండి, ఏ సందులో ఏ జాతి ఉందో చెబుతారు. మానుకోట వైపు మిర్చి అమ్ముడుపోయిన ఏడాది కొత్త ఇళ్లు లేస్తాయి, కొత్త గేట్లు లేస్తాయి. ఆ గేట్ల ముందు ఆశా కార్యకర్త నిలబడి, ‘వదినా, కుక్కను కట్టేసిండ్రా?’ అని అరిచి, జవాబు వచ్చేదాకా రోడ్డు మీదే ఉండాలి.

తమాషా ఏమిటంటే వీధికుక్కలను ఏరిపారేయాలని గట్టిగా గొంతెత్తేది కూడా ఈ గేట్ల వెనకాలి వాళ్లే. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు, మే నెలలో కాజీపేటలో మరో పిల్లవాడు వీధికుక్కల బారిన పడి చనిపోయారు. ఆ రోజుల్లో మున్సిపాలిటీని తిడుతూ పెట్టిన స్టేటస్ కిందనే టైసన్ జిమ్ వీడియో ఉండింది.

భూపాలపల్లికి వద్దాం. సింగరేణి కేటీకే గనిలోకి కొత్త కార్మికుడు దిగాలంటే 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం ముందు శిక్షణ పూర్తిచేయాలి. నెత్తిన టోపీ, టోపీకి లైటు, నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్. ఇవి లేకుండా మొదటి మెట్టు దిగనివ్వరు. బొగ్గు కదలకుండా పడి ఉంటుంది, అయినా ఇంత తయారీ. అదే కార్మికుడు దసరా ముందు లాభాల వాటా చేతికి రాగానే పిట్‌బుల్‌ను తెస్తే, ఒక్క కాగితం మీద సంతకం అక్కర్లేదు. ఆయనకేమో షిఫ్టులు. మొదటి షిఫ్టుకు పోయి వచ్చి పడుకుంటాడు, రాత్రి షిఫ్టుకు పోయి వచ్చి మధ్యాహ్నం దాకా పడుకుంటాడు. రెండు గదుల క్వార్టర్‌లో, రేకుల కింద, మే నెల ఎండలో అది మూరెడు గొలుసుకు తిరుగుతూ ఉంటుంది. రోజుకు గంటా రెండు గంటలు పరుగు కావాల్సిన ఒళ్లది. నెలల తరబడి అలా కట్టేస్తే మేకపిల్లకైనా మతి చెడుతుంది. అది ఒకరోజు ఎవరి మీదనో పడితే ‘జాతి గుణం’ అంటారు. ఏ జాతి గుణమో నాకు అనుమానమే.

ప్రభుత్వం ఏం చేసిందంటారా? చేసింది. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ జాబితాలో టోసా ఇను అని ఒకచోట, జపనీస్ టోసా అని ఇంకోచోట ఉంది. రెండూ ఒకే కుక్క. మన రేషన్ కార్డుల్లో ఇలాంటివి చూశాం కాబట్టి ఆశ్చర్యపోలేదు. ఎవరి మాటా వినకుండా చేశారంటూ ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు, 16న ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేశాయి. బ్రిటన్ 1991లోనే పిట్‌బుల్‌తో కలిపి నాలుగు జాతులను నిషేధించింది. అక్కడి సరదారాయుళ్లు ఎక్స్ఎల్ బుల్లీ అని కొత్తదాన్ని పెంచుకున్నారు. 2023 చివర్లో దాన్నీ జాబితాలో కలపాల్సి వచ్చింది. కుక్క పేరు రాసి నిషేధిస్తే మనిషి ఇంకో పేరు వెతుక్కుంటాడు. నిషేధించాల్సిన జాతికి రెండు కాళ్లుంటాయి, ఆ సంగతి ఏ సర్క్యులర్‌లోనూ రాయరు.

ఉన్న చట్టం సంగతీ చూద్దాం. పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా చూసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మొదటిదాన్ని తప్పించుకోవచ్చని మనవాడి నమ్మకం, రెండోది ఒక పుట్టినరోజు దావత్ ఖర్చు.

పిట్‌బుల్ పన్నెండు పద్నాలుగేళ్లు బతుకుతుంది. కొనేటప్పుడు ఈ లెక్క ఎవరూ వేయరు. రెండేళ్లకు మోజు తీరుతుంది, ఫాలోవర్లు పెరగడం ఆగిపోతుంది, కోడి కాళ్ల ధర మాత్రం ఆగదు. అప్పుడు ఒక రాత్రి కారు వరంగల్ హైవే మీద పెంబర్తి దాటుతుంది. దాబాల వెలుగు లేని చోట వెనక డోర్ తెరుచుకుంటుంది. పెంపుడు జంతువును ఇలా వదిలేయడం కూడా ఆ 1960 చట్టం కింద నేరమే. జరిమానా ఎంతో పైన చెప్పాను.

అందాకా పోకుండా ఆపగలిగేది మన దగ్గర ఒక్క పెండ్లి సంబంధమే అనిపిస్తుంది. పిల్ల తరఫువాళ్లు వస్తారు. టైసన్‌ను బాత్రూంలో పెట్టి గడియ వేస్తారు. లోపల్నుంచి తలుపు ఊగుతుంటుంది, బయట లడ్డూలు తింటుంటారు. పిల్ల తల్లి మెల్లగా అడుగుతుంది, ‘వదినా, అది పెండ్లయినంక గూడ ఈన్నే ఉంటదా?’ కొడుకు గొంతు సవరించుకుంటాడు. పన్నెండు పద్నాలుగేళ్ల ప్రేమ గురించి నాలుగు మాటలు చెప్పబోతాడు. అంతలో అవ్వ అందుకుంటుంది. ‘మీరు కట్నం కింద ఏం పెట్టొద్దు వదినా. ఎదురు నేనే ఇస్త. పోయేటప్పుడు దాన్ని తీస్కపోండ్రి.’